పసుపు పెట్టిన స్పీడ్ బ్రేకర్

మా గల్లీ ఈ కొసన నిలబడితే ఆ కొసన ఎవరు ముగ్గు వేస్తున్నారో కనిపిస్తుంది. సిద్దిపేటలో ఇంత తిన్నగా ఉండే పాత గల్లీలు ఎక్కువ లేవు. దీన్ని ఏ ఇంజనీరూ గీయలేదు. నేతపని వాళ్లు తమ పని కోసం ఇలా కట్టుకున్నారు. చీర పొడుగునా నడిచే దారాలను పడుగు అంటాం. మగ్గానికి ఎక్కించే ముందు పడుగును వీధి పొడుగునా చాపి, గంజి పట్టించి, కుంచెతో దువ్వి, ఎండ ముదిరేలోగా ఆరబెట్టాలి. గల్లీ వంకరైతే పడుగు చాపడం కుదరదు. అందుకని మా మామగారి తాతల నాడు ఇక్కడ ఇళ్లు కట్టుకున్నవాళ్లు ఒక్క అరుగును కూడా వీధిలోకి రానివ్వలేదట. ఆ తిన్నదనమే చివరికి మా కొంప ముంచింది.

కొన్నేళ్ల కిందట మెదక్ రోడ్డు మీది చౌరస్తాలో సిగ్నల్ పెట్టారు. మంచి పనే. కానీ మన జనానికి ఎర్రలైటు దగ్గర కాసేపు ఆగమంటే ఆస్తి రాసిమ్మన్నట్టు ఉంటుంది. మా గల్లీలో దూరితే సిగ్నల్ తగలకుండా హైదరాబాద్ రోడ్డు ఎక్కవచ్చని ఎవడో కనిపెట్టాడు. వాడి కాళ్లు విరగ! ముందు బైకులు వచ్చాయి, వాటి వెనక ఆటోలు. తర్వాత ఫోన్లలోని మ్యాపు కూడా మా గల్లీని చూపించడం మొదలుపెట్టింది. ఇక పొద్దున్నే ప్రజ్ఞాపూర్‌కూ హైదరాబాద్‌కూ నౌకరీలకు ఉరికే కార్లు, బడి వ్యాన్లు, వాటి మధ్యలో ఇసుక టిప్పర్లు. వీళ్లలో ఒక్కడికి కూడా మా గల్లీలో పని లేదు, చుట్టం లేడు. మా వాకిళ్లలో దుమ్ము లేపి పోవడం తప్ప మాతో ఏ సంబంధమూ లేదు.

నాకు కోపం ఎక్కువని గల్లీలో అందరికీ తెలుసు. ప్రైవేటు బడిలో తెలుగు చెప్తాను. పిల్లల మీద అరిచి అరిచి గొంతు పెద్దదైపోయిందని మా ఆయన అంటాడు కానీ, అది పుట్టుకతో వచ్చిన గొంతే. ఆయన నాకు పూర్తిగా ఉల్టా. పెళ్లయిన కొత్తలో భివండీలో పవర్‌లూమ్‌ల మీద పనిచేసి, ఆ చప్పుడు పడక తిరిగి వచ్చి, తండ్రి నేసిన గుంట మగ్గం మీదే కూర్చున్నాడు. నేల మీద కూర్చుని, గుంటలోకి కాళ్లు దించి తొక్కే మగ్గం అది. మా గల్లీలో మిగిలింది ఆ ఒక్కటే. నెత్తి మీద కుండ పెట్టుకున్న గొల్లభామ బొమ్మను చీర అంచులో ఒక్కో దారం చేత్తో దూర్చి లేపుతాడు. ఎవరేమన్నా సరేనంటాడు. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అని ఊరికే అనలేదు పెద్దలు.

ఒక ఆదివారం పొద్దున్నే వీధిలో పడుగు చాపి ఉంది. నేను ఒక పక్క, ఆయన ఒక పక్క గంజి దువ్వుతున్నాం. తెల్ల కారు ఒకటి వచ్చి పడుగు ముందు ఆగి హారన్ మీద చెయ్యి తియ్యకుండా కొట్టింది. గంజి తడి మీద ఉన్న దారాలను మడవడానికి లేదు, మడిస్తే ఒకదానికొకటి అంటుకుని గడ్డ కడతాయి. మా ఆయన చేతులు జోడించి, కాసేపు ఆగమని సైగ చేశాడు. లోపలి మనిషి అద్దం దించాడు.

"ఏందయ్యా, రోడ్డు మీ అయ్య జాగీరా? పక్కకు గుంజు. నాకు డ్యూటీకి టైమైతున్నది."

"ఆదివారం ఏం డ్యూటీ నీకు? సిగ్నల్ కాడ ఆగితే నీ సొమ్మేం పోయింది?" అన్నాను.

"ఫోన్ల ఇదే తొవ్వ చూపెడుతున్నదమ్మా."

"ఫోన్ల నీ ఇంటికి పోయే తొవ్వ చూపెడ్తలేదా? గటు పో!"

అతను వెనక్కి పోయాడు. పోతూ పోతూ అద్దంలోంచి ఒక బూతు మాట విసిరాడు. నేను ఆ కారు వెంట గల్లీ కొసదాకా నడిచాను, చేతిలో గంజి కుంచెతో. ఆ రోజు తర్వాత మేం చీకటితోనే పడుగు చాపడం మొదలుపెట్టాం. మా వీధిలో మేం దొంగల్లాగా పని చేసుకోవాల్సి వచ్చింది.

స్పీడ్ బ్రేకర్ కావాలని గల్లీలో అందరికంటే గట్టిగా అడిగింది నేనే. అది దాచను. ఎదురింటి అత్త మనవరాలు, ఇంకా అంగన్‌వాడీకి పోయే పిల్ల, బంతి కోసం వీధిలోకి ఉరికితే బైకు దాని గౌను అంచును రాసుకుంటూ పోయింది. పిల్ల కింద పడి మోకాలు గీసుకుంది, అంతే. కానీ ఎదురింటి అత్త వాకిట్లో కూలబడి ఏడ్చిన ఏడుపు గల్లీ అంతా వినబడింది. ఆ పిల్ల తల్లిదండ్రులు దుబాయిలో ఉన్నారు. పిల్లకు ఏమైనా అయితే వాళ్లకు ఏం చెప్పాలన్న భయం ఆమెకు రాత్రీ పగలూ ఉంటుంది. ఆ సాయంత్రమే దుకాణం మామ దగ్గర అందరం పోగయ్యాం. ఆయనది గల్లీలోని ఒకే ఒక్క కిరాణా దుకాణం, గల్లీకి పెద్దమనిషి కూడా ఆయనే. అందరమూ ఒకటే మాట: బ్రేకర్ పడాల్సిందే. మా గల్లీ అంత ఐకమత్యంగా ఉండడం నేను అప్పుడే చూశాను. అది ఒక్క పూట నిలిచింది.

ఎక్కడ పెట్టాలి అనగానే మొదలైంది లొల్లి.

దుకాణం ముందు వద్దన్నాడు మామ, సామాన్లు దించే ఆటో ఎక్కదట. ఎదురింటి అత్త తన ఇంటి ముందు వద్దంది, గడపకు ఎదురుగా దిమ్మె ఉంటే వీధిపోటు తగులుతుందని ఎవరో వాస్తు అతను చెప్పాడట. గల్లీ కొసన రెండంతస్తులు కట్టిన మరిది ఉన్నాడు, వరసకు మా ఆయనకు తమ్ముడు, అతణ్ణి బంగ్లా మరిది అంటాను. తన ఇంటి ముందు బండ్లు ఎగిరి పడుతుంటే కిరాయివాళ్లు నిలవరన్నాడు అతను. పోనీ, మధ్యలో ఉన్న ఖాళీ జాగ ముందు పెడదాం, అక్కడ మనిషి లేడు, గడప లేదు, వాస్తు లేదు అన్నాను. ఆ జాగ కూడా బంగ్లా మరిదిదే.

"అది అమ్మకానికి పెట్టిన, వదినె. కొనెటోడు వచ్చి చూస్తే ముంగట గడ్డ లెక్క కనవడితే ఎట్ల? బేరం తెగదు," అన్నాడు.

మనుషులున్న ఇంటి కంటే పిచ్చిచెట్లున్న జాగకు పట్టింపు ఎక్కువైంది. నేను నాలుగు మాటలు అని లేచి వచ్చేశాను. మర్నాడు బడిలో ఉండగా నాకు తెలియకుండా ముచ్చట తెగిపోయింది. దుకాణం మామ మా ఇంటికి వచ్చి, అరుగు మీద కూర్చుని, మా ఆయనతో అన్నాడట: "బిడ్డా, ఎవలు ఒప్పుకుంటలేరు. నీ మనసు పెద్దది. నీ ఇంటి ముంగట పెట్టుకుందామా?" మా ఆయన ఏమన్నాడో తెలుసా? "పెట్టుకోండ్రి మామ, మంచి పనికి నేనెందుకు అడ్డమొస్త?" అన్నాడు. సాయంత్రం ఈ సంగతి చెప్తూ నా మొహం చూసి, "పిల్లగాండ్లకు మంచిదే గదా," అని చేర్చాడు. పిల్లల పేరు చెప్తే నేను ఏమీ అనలేనని ఆయనకు తెలుసు.

అది మున్సిపల్ ఆఫీసు వాళ్లు వేసిన బ్రేకర్ కాదు. అడిగితే ఎప్పటికి వేస్తారోనని, గల్లీవాళ్లే వేసుకున్నారు. బంగ్లా మరిది ఇంటి పైన రేకుల షెడ్డు తీసి స్లాబు పోస్తుంటే కాంక్రీటు మిగిలింది. తట్టలతో మోసుకొచ్చి మా గడప ముందు పోశారు. ఎంత ఎత్తు ఉండాలో ఎవరికీ తెలియదు. తలా ఒక మాట చెప్పి, తలా ఒక పార వేసి, చివరికి చెరువు కట్టలాగా తయారు చేశారు. నీళ్లు తడిపి, గోనెసంచులు కప్పి, దాన్ని పసిపిల్లలాగా కాపాడారు.

ఆరిన తర్వాత దుకాణం మామ కొబ్బరికాయ పట్టుకొచ్చాడు. మా వాళ్లు కొత్త బైకుకు కొడతారు, కొత్త బోరుకు కొడతారు, బ్రేకర్‌కు కొట్టరా? కాయ కొట్టాక, ఎవరి ఇంటి ముందుంటే ఆ ఇంటి ఇల్లాలు పసుపు కుంకుమ పెట్టాలని ఎదురింటి అత్త అంది. అందరూ నావైపు చూశారు. నేను లోపలికి పోయి భరిణె తెచ్చి, ఈ చేతులతోనే, ఆ కాంక్రీటు దిమ్మెకు పసుపు రాసి ఐదు చోట్ల కుంకుమ బొట్లు పెట్టాను. అప్పుడు నాకు నవ్వు కూడా వచ్చింది. మగ్గానికి పెడతాం, ఈనిన గేదెకు పెడతాం, దీనికి పెడితే ఏం పోయిందనుకున్నాను. ఏం పోయిందో తర్వాత తెలిసింది.

ఆ వారంలోనే ఒక బడి వ్యాను బ్రేకర్ చూసి గట్టిగా బ్రేకు వేసింది. సరిగ్గా అప్పుడే ఎదురింటి అత్త మనవరాలు గడప దిగింది. వ్యాను ఆగి ఉంది కాబట్టి పిల్ల దాటిపోయింది. ఇంకే బండైనా, ఇంకే బ్రేకరైనా ఇట్లాగే ఆగేది. దాని పనే అది. కానీ ఎదురింటి అత్త ఇంట్లోకి ఉరికి, ఊదుబత్తీ వెలిగించి తెచ్చి బ్రేకర్ పక్కన గుచ్చింది. "అవ్వ కాపాడింది," అంది. ఏ అవ్వ? బంగ్లా మరిది స్లాబుకు మిగిలిన కాంక్రీటు! తర్వాతి శుక్రవారం ఎవరో నిమ్మకాయ కోసి పెట్టారు. దసరాకు బంతిపూల దండ పడింది. దారిన పోయే ఆటోవాళ్లు కూడా దాని మీదుగా ఎక్కే ముందు చెయ్యి గుండెకు తాకించుకోవడం మొదలుపెట్టారు. ఆగడం మాత్రం ఆగరు. చెయ్యి మొక్కుతుంటుంది, కాలు ఎక్సిలేటర్ తొక్కుతుంటుంది.

అవును, పెద్దగా ఎవరూ నెమ్మదించలేదు. బైకులు పక్కనుంచి, మా మెట్టు మీదుగా పోయేవి. కార్లు ఎక్కేటప్పుడు ఆగి, దిగేటప్పుడు ఆ ఆగిన కసినంతా హారన్ మీద చూపించేవి. టిప్పర్లకు అది ఒక లెక్కే కాదు. ఎక్కి దభీమని దిగేవి. దిగినప్పుడల్లా మా ముందుగది నేల అదిరేది.

ఆ ముందుగదిలోనే మగ్గం ఉంది. గుంట మగ్గం గుంజలు నేలలో పాతి ఉంటాయి, నేల అదిరితే మగ్గం అదురుతుంది. బిగించి కట్టిన పడుగులో దారాలు పుటుక్కుపుటుక్కున తెగేవి. తెగిన దారాన్ని వెతికి పట్టుకుని, వేళ్లతో మెలిపెట్టి అతికించి మళ్లీ కూర్చుంటే ఇంకో టిప్పర్. పెంకుల సందుల్లోంచి మట్టి రాలి తెల్ల చీర మీద పడేది. ముందుగది కాక మాకున్నది వంటగది, పడుకునే గది. వాటిలో మగ్గం పొడుగు పట్టదు, వెలుతురు రాదు. నేలలో పాతే పని లేని చెక్క చట్రం మగ్గం పెట్టుకొమ్మని నేనే అన్నాను. గుంటలో కాళ్లు పెట్టి ముప్పై ఏళ్లు తొక్కినవాణ్ణి కుర్చీలో కూర్చోబెడితే చేతులు రావని ఆయన అన్నాడు. నాకు అర్థమైంది. కుడిచేతి వాటం వాణ్ణి ఎడమచేత్తో అన్నం తినమన్నట్టే అది.

చీరలు తీసుకునే సేటు ఒకసారి చీర పట్టుకుని వెలుగులోకి తీసుకుపోయి చాలాసేపు చూశాడు. "ఏందన్నా, గొల్లభామ నెత్తి మీద కుండ పడిపోయేటట్టున్నది?" అన్నాడు. వేళాకోళానికే అన్నాడు. మా ఆయన నవ్వాడు. నేను ఆ కుండను చూశాను. నిజంగానే ఒక పక్కకు ఒరిగి ఉంది. దారం దూర్చే క్షణంలో టిప్పర్ దిగితే చెయ్యి ఉలిక్కిపడుతుంది, ఒక్క దారం పక్కకు పోతే కుండ ఒరుగుతుంది. ఆయన తండ్రి దగ్గర నేర్చుకున్న రోజు నుంచి ఆ కుండ ఒరగలేదు. సేటు ఆ చీర తీసుకున్నాడు, కానీ కొత్తది వేయమని చెప్పకుండా పోయాడు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు అయింది మా పని.

ఆ రోజు నుంచి నేను ఇంటింటికీ తిరిగాను. బ్రేకర్ తియ్యమనలేదు. ఆ మాట నేను ఎప్పుడూ అనలేదు, కానీ గల్లీ మొత్తం అన్నానని చెప్పుకుంటుంది. ఆ ఖాళీ జాగ ముందుకు జరపండి, అంతే అన్నాను. మా మగ్గం బతుకుతుంది, పిల్లలకూ రక్షణే అన్నాను.

దుకాణం మామ చక్కెర పొట్లం కడుతూ విన్నాడు. "నువ్వే పసుపు పెట్టినవ్ గద బిడ్డా. కూసున్న జాగల నుంచి లేపితే మంచిదా? గల్లీకి అరిష్టం."

"అది దేవత కాదు మామ, సిమెంటు."

"గట్లనకు. నోరు మంచిగుంటే ఊరు మంచిగుంటది."

బంగ్లా మరిది ఇంకా తెలివిగా మాట్లాడాడు. "నాకేం లేదు వదినె, జాగ ముంగట పెడ్తమంటే పెట్టుకోండ్రి. కని గల్లీల పెద్దోళ్లు వద్దంటున్నరు. నేను వాళ్ల మాట కాదనలేను." మొన్న అమ్మకం బేరానికి అడ్డమన్న నోరే ఇది. ఇప్పుడు భక్తి అడ్డం వచ్చింది. వాస్తు అయిపోయింది, కిరాయి అయిపోయింది, ఇక మిగిలింది దేవుడే కాబట్టి దేవుణ్ణి ముందు పెట్టాడు. ఎదురింటి అత్త అయితే నా చేతులు పట్టుకుని, "నా పిల్లను తీస్కపోయెటట్టు చేస్తవా బిడ్డా?" అంది. ఆమెది మాత్రం నిజమైన భయం. ఆ చేతులు విడిపించుకుని వచ్చేశాను. ఆమె మీద చూపలేని కోపం ఇంటికొచ్చాక గిన్నెల మీద చూపించాను.

ఆఫీసుకు పోయి చెప్తానన్నాను మా ఆయనతో. ఆయన ఎప్పుడూ అననంత గట్టిగా అన్నాడు. "నువ్వు పోతే మల్ల నేను గల్లీల మొకం ఎట్ల సూపాలె? నేను పెట్టుకోండ్రి అన్న. అన్న మాట తప్పాల్నా?"

"మాట ఎక్కువనా, మగ్గం ఎక్కువనా?"

"మగ్గం ఇంట్ల ఉంటది. ఇల్లు గల్లీల ఉంటది," అన్నాడు.

ఇది విన్నవాళ్లు ఎంత మంచివాడో అంటారు. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. మంచితనం తనది, తెగేది దారం. దారాలు తెగితే కండెలకు దారం చుట్టేది నేను, మళ్లీ పడుగుకు గంజి పట్టించేది నేను, బడి నుంచి వచ్చి ఆయన ఎర్రబడ్డ కళ్లలో మందు చుక్కలు వేసేది నేను.

ఒక ఆదివారం మధ్యాహ్నం, అందరూ తిని కునుకు తీసే వేళ, గడ్డపార తీసుకుని వీధిలోకి వచ్చాను. దాచుకుని చేసే పని కాదని పగలే చేశాను. రెండు దెబ్బలు వేస్తే అంచు నుంచి ఒక పెచ్చు లేచింది. మూడో దెబ్బకు గల్లీ లేచింది. ఎదురింటి అత్త చెప్పులు కూడా లేకుండా ఉరికొచ్చి, మండుటెండలో కాలే ఆ దిమ్మె మీద కూర్చుంది. "నన్ను కొట్టు, ముందుగల నన్ను కొట్టు," అంది. దుకాణం మామ, బంగ్లా మరిది, వాళ్ల కిరాయిదార్లు, అందరూ చుట్టూ మూగారు. పసుపు పెట్టిన చేత్తోనే పలగ్గొడుతుందని ఒకరు, చదువుకున్న పొగరని ఒకరు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని ఇంకొకరు. వెనక రెండు కార్లు ఆగి హారన్లు కొడుతున్నాయి. ఆ కార్లవాళ్లను ఒక్కరూ ఒక్క మాట అనలేదు. గొడవంతా వాళ్ల వల్ల వచ్చింది, తిట్లు మాత్రం నాకు. పక్కకు జరిగి వాళ్లకు తొవ్వ కూడా ఇచ్చారు!

అప్పుడు మా ఆయన బయటికి వచ్చాడు. నా పక్కన నిలబడతాడనుకున్నాను. నా చేతిలోంచి గడ్డపార తీసుకున్నాడు, చాలా నెమ్మదిగా, నిద్రపోతున్న పిల్ల చేతిలోంచి బొమ్మ తీసుకున్నట్టు. "తప్పైంది. మనసు మంచిగలేక చేసింది, ఏమనుకోకుండ్రి," అని అందరికీ దండం పెట్టాడు. లోపలికి పోయి పసుపు కలిపి తెచ్చి, నేను పెచ్చు లేపిన చోట రాశాడు. గల్లీ శాంతించింది. నేను ఇంట్లోకి పోయి తలుపు వేసుకున్నాను. మూడు రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆయనకు అన్నం పెట్టానేమో కానీ, మాట పెట్టలేదు.

తర్వాత కొన్నాళ్లకు, ఒక శనివారం, బడి ఒంటిపూటే ఉండి ఎండలో నడుచుకుంటూ వస్తున్నాను. గల్లీ మొదట్లోకి రాగానే మా ఇంటి ముందు జనం కనిపించారు. తిన్నని గల్లీ కదా, అంత దూరం నుంచే కనిపిస్తుంది. ఎవరో బండి కింద పడ్డారని అనుకున్నాను. ఎదురింటి అత్త మనవరాలు అనుకున్నాను. మా ఆయన అనుకున్నాను. సంచి పడేసి ఉరికాను. దగ్గరికి పోయేసరికి ఆ పిల్ల మా మెట్టు మీద కూర్చుని బిస్కెట్టు తింటోంది. పెద్దవాళ్లంతా మట్టి మోస్తున్నారు.

బంగ్లా మరిది ఖాళీ జాగలోంచి పారతో మట్టి ఎత్తుతున్నాడు. దుకాణం మామ ఆ వయసులో లుంగీ ఎగ్గట్టి తట్ట అందుకుంటున్నాడు. తట్ట చేతులు మారుతూ మా గడప దాటి లోపలికి పోతోంది. లోపల మగ్గం లేదు. గుంజలు పీకి గోడకు ఆనించి ఉన్నాయి, పడుగు చుట్టి మూలన పెట్టి ఉంది. మా ఆయన గుంటలో నిలబడి, పడుతున్న మట్టిని కాళ్లతో తొక్కుతున్నాడు. మట్టి అప్పటికే మోకాళ్ల దాకా వచ్చింది.

"గిదేంది?" అన్నాను.

ఆయన తల ఎత్తలేదు. "నీకు చెప్తే లొల్లి చేస్తవని చెప్పలే. అటు దారాలు తెగవట్టె, ఇటు నువ్వు గల్లీతోని తెగవట్టితివి. రెండు అతకవెట్టుడు నాతోని కాదు."

దుకాణం మామ చెమట తుడుచుకుంటూ లోపలికి వచ్చాడు. "పిలవంగనే వచ్చినం బిడ్డా. గల్లీ అన్నంక ఒకలికొకలం ఆసరా గాకపోతే ఎట్ల? సోమారం నుంచి నా దుకాన్ల కూసుంటడు. నీడ పట్టున పని. నువ్వేం రంది పెట్టుకోకు." నిజంగా ప్రేమగానే అన్నాడు. ఆయన గొంతులో కపటం లేదు.

"మామ, ఒక్క ఇరవై గజాలు పక్కకు జరుపుమంటే మీకు చేతులు రాలే. గిప్పుడు తట్టలు మోయనీకి వచ్చినయా?" అన్నాను. వీధి దాకా వినబడేటట్టు అన్నాను. మట్టి తట్ట పట్టుకున్న బంగ్లా మరిది గడపలోనే ఆగిపోయాడు. అతని మొహం నొచ్చుకున్నట్టు అయింది. సాయం చేయడానికి వస్తే అవమానం జరిగినట్టు. తిలాపాపం తలా పిడికెడు అంటారు, వీళ్లు తలా ఒక తట్ట పోసి, దాన్ని పుణ్యమనుకుంటున్నారు.

"ఊకో. మనింటికొచ్చిన మనుషులను గట్లంటరా?" అన్నాడు మా ఆయన, గుంటలోంచి.

ఎదురింటి అత్త స్టీలు క్యానులో చాయ్ తెచ్చి అందరికీ పోసింది. నాకూ గ్లాసు ఇచ్చింది. అప్పుడే బయట టిప్పర్ ఒకటి బ్రేకర్ ఎక్కి దిగింది. నేల అదిరింది. అందరి గ్లాసుల్లో చాయ్ కదిలింది. దుకాణం మామ నావైపు చూసి, మంచి వార్త చెప్తున్నట్టు నవ్వాడు. "ఇగ అది ఎంత ఎగిరినా మీకేం తక్లీఫ్ లేదు గద బిడ్డా. ఆడనే ఉండనియ్యి దాన్ని."

గ్లాసు నేల మీద పెట్టాను. అందరూ నా ఇంట్లోంచి బయటికి నడవండని అరిచాను. ఇంత గొంతు నాకు ఉందని బడి పిల్లలకు కూడా తెలియదు. ఒక్కరూ కదల్లేదు. ఒకరినొకరు చూసుకుని, పాపం అన్నట్టు తలలు ఊపారు. ఎదురింటి అత్త నా పక్కకు వచ్చి, మట్టి అంటిన చేత్తో నా వీపు నిమరడం మొదలుపెట్టింది.

"ఏడువు బిడ్డా, ఏడువు. ఏడిస్తే దిగిపోతది."

నేను ఏడవడం లేదని, నాకు వచ్చింది కోపమని చెప్పాను. రెండుసార్లు చెప్పాను. ఆమె నిమురుతూనే ఉంది. వాళ్లు తట్టలు ఎత్తుకుని మళ్లీ పనిలో పడ్డారు.